చంటిబిడ్డల రిఫ్లక్స్: ఆమ్లం మీద మోపిన నేరం

చంటిబిడ్డ తాగిన పాలు తిరిగి కక్కడం తరతరాలుగా తెలుగు ఇళ్లలో అందరూ ఎరిగిన సంగతే కాని, దానికొక వ్యాధి పేరు పెట్టి, పరీక్షలు చేసి, మందులతో నయం చేయవలసిన విషయంగా చూడడం గత ఏడెనిమిది దశాబ్దాలలో వచ్చిన మార్పు. జఠరంలోకి చేరిన పాలు తిరిగి పైకి, అన్నవాహికలోకి ఎగదన్నడాన్ని వైద్యులు రిఫ్లక్స్ అంటారు. అలా ఎగదన్నిన పాలు ఏ ప్రయాసా లేకుండా పెదవి చివరి నుంచి కారిపోతే అది కక్కడం. పొట్ట కండరాలు బిగిసి బలంగా బయటికి నెడితే అది వాంతి. వీటిలో ఏదీ దానంతట అది వ్యాధి కాదు. రిఫ్లక్స్ వల్ల బిడ్డకు రోజువారీ జీవనాన్ని దెబ్బతీసేంత బాధ కలిగినప్పుడు గాని, బరువు పెరగకపోవడం, అన్నవాహిక లోపొర పుండుపడడం, పాలు ఊపిరితిత్తుల్లోకి జారి మళ్లీ మళ్లీ నిమ్ము చేయడం వంటి ఉపద్రవాలు వచ్చినప్పుడు గాని దానిని రిఫ్లక్స్ వ్యాధి అనాలని ఉత్తర అమెరికా, యూరప్ శిశు జీర్ణకోశ వైద్య సంఘాలు కలిసి 2018లో వెలువరించిన మార్గదర్శకాలు చెబుతాయి. ఉపద్రవాలను కొలవవచ్చు, చూడవచ్చు. బాధ మాట అలా కాదు. మాటలు రాని బిడ్డ బాధను ఏడుపును బట్టి పెద్దలే ఊహించాలి. ఈ సమస్య చుట్టూ జరిగిన పొరపాట్లలో చాలా భాగం ఆ ఊహలోనే మొదలయ్యాయి.

అన్నవాహిక జఠరంతో కలిసే చోట ఉంగరంలాంటి కండరం ఒకటి ఉంటుంది. తెలుగు శాస్త్ర గ్రంథాలు దానిని సంవరణి అంటాయి. మింగినప్పుడు తెరుచుకుని, తక్కిన వేళల్లో మూసుకుని ఉండడం దాని పని. 1947లో న్యూహౌసర్, బెరెన్‌బర్గ్ అనే వైద్యులు కక్కే పసివాళ్లలో ఈ కండరం పట్టు సడలి ఉంటుందని భావించి ఆ స్థితికి ఖలేషియా, అంటే సడలింపు, అని పేరు పెట్టారు. తర్వాతి దశాబ్దాలలో ఒత్తిడిని కొలిచే గొట్టాలు వచ్చాక తేలినది వేరు: చాలామంది బిడ్డలలో ఆ కండరం పట్టు బాగానే ఉంది, కాని మింగడంతో నిమిత్తం లేకుండా అది మధ్యమధ్య కొన్ని సెకన్లపాటు తనంతట తాను వదులవుతోంది. పెద్దవాళ్లలోనూ ఇది జరుగుతుంది. తేన్పు వచ్చేది ఆ దారినే. తేడా అంతా పరిస్థితులలో ఉంది. పసిబిడ్డ అన్నవాహిక చాలా పొట్టి, ఆహారం అంతా ద్రవమే, రోజులో ఎక్కువ భాగం పడకే, పైగా తాగే పాలు కిలో బరువుకు రోజుకు దాదాపు 150 మిల్లీలీటర్లు. ఈ లెక్కన 60 కిలోల మనిషి రోజుకు తొమ్మిది లీటర్ల పాలు తాగి వెల్లకిలా పడుకున్నట్టు. ఆ స్థితిలో కక్కకుండా ఉండే పెద్దమనిషి ఎవరూ ఉండరు.

ఇది ఎంత సాధారణమో 1997లో అమెరికాలోని షికాగో ప్రాంతంలో నెల్సన్, ఆమె సహచరులు ప్రచురించిన అధ్యయనం చూపింది. ఆరోగ్యంగా ఉన్న బిడ్డల తల్లిదండ్రులు 948 మందిని అడగగా, మూడు నెలల లోపు బిడ్డలలో సగం మంది రోజుకు కనీసం ఒక్కసారి కక్కుతున్నారని, నాలుగో నెలలో అది 67 శాతానికి చేరుతుందని, పది నుంచి పన్నెండు నెలల మధ్య 5 శాతానికి పడిపోతుందని తేలింది. బిడ్డ కూర్చోవడం నేర్చి, గట్టి ఆహారం తిని, అన్నవాహిక పొడవు పెరిగే కొద్దీ సమస్య తనంతట తాను తొలగుతుంది. కక్కిన పరిమాణం విషయంలో కంటికి కనిపించేదాన్ని నమ్మరాదన్నది కూడా ఇక్కడ చెప్పుకోవాలి. ఒక చెంచాడు పాలు చీర కొంగు మీద ఒలకబోస్తే అది గిన్నెడు పాలలాగా పరుచుకుంటుంది. నమ్మదగినది తూకం. మొదటి మూడు నెలల్లో రోజుకు సగటున 25 నుంచి 30 గ్రాముల చొప్పున పెరుగుతూ, తడి గుడ్డలు సరిగా మార్చవలసి వస్తున్న బిడ్డ ఎన్నిసార్లు కక్కినా అది బట్టలు ఉతుక్కునే సమస్యే కాని వైద్యుని సమస్య కాదు. అంగన్‌వాడీ కార్డు మీద గీసే బరువు గీత ఈ విషయంలో ఖరీదైన పరీక్షల కన్నా ఎక్కువ చెబుతుంది.

అయితే ఏడుపు సంగతి? కక్కడం, ఏడవడం, వెనక్కి విరుచుకోవడం కలిసి కనిపించినప్పుడు ఆమ్లం పైకి తన్ని గొంతు మండిస్తోందని అనుకోవడం సహజం. పెద్దవాళ్లకు ఛాతీలో మంట అలాగే వస్తుంది కనుక బిడ్డకూ అంతే అనిపిస్తుంది. ఈ అనుమానానికి ఎదురుగా మూడు విషయాలు నిలుస్తాయి. మొదటిది, పాలు స్వయంగా ఆమ్లాన్ని విరిచే పదార్థం. రెండు మూడు గంటలకొకసారి పాలు తాగే బిడ్డ జఠరంలో తాగిన తర్వాత చాలాసేపు ఆమ్ల తీక్షణత తక్కువగానే ఉంటుంది. ముక్కు గుండా సన్నని తీగ దించి ఆమ్లాన్నీ, ద్రవం కదలికనూ ఒకేసారి 24 గంటలు కొలిచే ఇంపీడెన్స్ పరీక్ష వచ్చాక, పసివాళ్లలో ఎగదన్నే ద్రవంలో పెద్ద భాగం ఆమ్లం కానే కాదని స్పష్టమైంది. రెండవది కాలక్రమం. 1962లో బ్రేజిల్టన్ 80 మంది ఆరోగ్యవంతులైన పసివాళ్ల ఏడుపును తల్లుల చేత రాయించి చూడగా, అది ఆరో వారంలో రోజుకు మూడు గంటలకు చేరువై, మూడో నెలకు బాగా తగ్గింది. కక్కడం పతాక స్థాయికి చేరేది నాలుగో నెలలో. ఏడుపుకు కారణం రిఫ్లక్సే అయితే ఏడుపు తగ్గుతున్న నెలలోనే రిఫ్లక్స్ ఎందుకు పెరగాలి?

మూడవది మందుల పరీక్షలు. 2003లో ఆస్ట్రేలియాలో మూర్, సహచరులు విపరీతంగా ఏడ్చే 30 మంది పసివాళ్లకు ఆమ్లాన్ని ఆపే ఒమెప్రజోల్‌ను, మందు లేని ఉత్తుత్తి మోతాదును మార్చి మార్చి ఇచ్చి చూశారు. మందు తన పని తాను చేసింది, అన్నవాహికలో ఆమ్లం తగ్గింది. ఏడుపు మాత్రం మందుతోనూ ఉత్తుత్తి మోతాదుతోనూ ఒకేలా, రోజులు గడిచే కొద్దీ తగ్గింది. 2009లో అమెరికాలో ఓరెన్‌స్టీన్ బృందం 162 మంది బిడ్డలను సగం సగం చేసి ఒక సగానికి లాన్సోప్రజోల్ ఇస్తే, రెండు వర్గాలలోనూ సరిగ్గా 54 శాతం మందికి మేలు కనిపించింది. కాని తీవ్రమైన దుష్ఫలితాలు మందు వాడిన వారిలో పది మందికి, వాడని వారిలో ఇద్దరికి వచ్చాయి. వాటిలో ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లు ముఖ్యమైనవి. జఠరంలోని ఆమ్లం క్రిములు చొరబడకుండా కాపలా కూడా అన్నది ఇక్కడ గుర్తుకు తెచ్చుకోవాలి.

ఇంత చెప్పినంత మాత్రాన తీవ్రమైన రిఫ్లక్స్ లేదని కాదు. నెలలు నిండక పుట్టినవారు, మెదడు దెబ్బతిని కండరాల అదుపు లేనివారు, పుట్టుకతో అన్నవాహిక తెగి ఉండి శస్త్రచికిత్స చేయించుకున్నవారు, ఉదర వితానంలో రంధ్రంతో పుట్టినవారు నిజంగానే దీనితో కుంగిపోతారు. అన్నవాహిక పుండుపడి రక్తం కనిపించవచ్చు, పాలంటేనే బిడ్డ ముఖం తిప్పుకోవచ్చు. కొందరు మెడను ఒక పక్కకు మెలిపెట్టి వీపు విల్లులా వంచే తీరు మూర్ఛలా కనిపిస్తుంది. దానిని శాండిఫర్ సిండ్రోమ్ అంటారు. ఈ వర్గం బిడ్డలకు ఆమ్లాన్ని ఆపే మందులు అవసరమే. ఇంకొక వైపు, రిఫ్లక్స్ వేషంలో వచ్చే ఇతర వ్యాధులు ఉన్నాయి. మూడు నుంచి ఆరు వారాల వయసులో పాలు తాగిన వెంటనే దూరంగా పడేలా వాంతి చేసి, మళ్లీ ఆకలితో పాలకు వెతుక్కునే బిడ్డకు జఠరం కింది ద్వారం కండరం దళసరి కట్టిందేమో చూడాలి. దానికి చిన్న శస్త్రచికిత్సే మందు. పచ్చని పసరు వాంతి పేగు మెలిపడిన సూచన కావచ్చు, అది గంటలలో ప్రాణం మీదకు తెస్తుంది. రక్తం, జ్వరం, మగత, మాడు ఉబ్బడం, పొట్ట బిగుసుకోవడం, ఆరు నెలలు దాటాక కొత్తగా మొదలైన వాంతులు, ఏడాది దాటినా ఆగనివి, వీటిలో ఏది కనిపించినా రిఫ్లక్స్ అనే మాట పక్కన పెట్టి ఆసుపత్రికి వెళ్లాలి.

మందుల చరిత్ర ఈ విషయంలో ఒక హెచ్చరికల పట్టిక. జఠరాన్ని త్వరగా ఖాళీ చేయిస్తుందని 1990లలో విరివిగా వాడిన సిసాప్రైడ్ గుండె లయను చెడగొట్టి మరణాలకు దారితీయడంతో 2000లో అమెరికా మార్కెట్టు నుంచి తప్పుకొంది. మెటోక్లోప్రమైడ్ వల్ల ముఖంలోనూ అవయవాలలోనూ అదుపు లేని కదలికలు శాశ్వతంగా నిలిచిపోవచ్చని 2009లో అమెరికా ఔషధ సంస్థ తీవ్ర హెచ్చరిక జారీ చేయగా, 2013లో యూరప్ సంస్థ ఏడాది లోపు పిల్లలకు దానిని నిషేధించింది. మన దేశంలో తల్లులకు బాగా పరిచయమైన డోంపెరిడోన్ చుక్కల మీద కూడా 2014లో యూరప్ సంస్థ గుండె లయ కారణంగానే ఆంక్షలు పెట్టింది. రానిటిడిన్‌లో కేన్సర్ కారకం కావచ్చునన్న ఎన్.డి.ఎమ్.ఎ. అనే కల్మషం పేరుకుంటోందని 2020 ఏప్రిల్‌లో అమెరికా దాని అన్ని రూపాలనూ వెనక్కి తీసుకోమంది. మిగిలినవి ఒమెప్రజోల్ కుటుంబపు మందులు. శిశువయసులో వాటిని వాడిన పిల్లలకు తర్వాతి ఏళ్లలో ఎముకలు విరగడం, అలర్జీలు రావడం కొంత ఎక్కువని అమెరికా సైనిక కుటుంబాల వైద్య రికార్డుల మీద 2018, 2019లలో వచ్చిన పెద్ద పరిశీలనలు చూపాయి. ఇవి కారణాన్ని నిరూపించేవి కాకపోయినా, మేలు కనిపించని చోట ఈ పాటి అనుమానం చాలు. కక్కుతున్నాడనో ఏడుస్తున్నాడనో తక్కిన విధాల ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు ఈ మందులు ఇవ్వవద్దని 2018 మార్గదర్శకాలు తేల్చి చెప్పడానికి నేపథ్యం ఇదే.

అయినా మందుల చీటీలు ఆగవు. దీనికి కారణం వైద్యుల తొందరపాటు ఒక్కటే కాదు. 2013లో అమెరికాలోని మిషిగన్‌లో షెరర్ బృందం, కక్కి ఏడ్చే ఒక బిడ్డ కథ తల్లిదండ్రులకు చదివించి, కొందరికి వైద్యుడు ఆ స్థితికి రిఫ్లక్స్ వ్యాధి అని పేరు పెట్టినట్టు, కొందరికి ఏ పేరూ పెట్టనట్టు చెప్పారు. పేరు విన్నవాళ్లు, మందు పనిచేయకపోవచ్చని స్పష్టంగా చెప్పిన తర్వాత కూడా, మందు కావాలనే అన్నారు. పేరు విననివాళ్లు, అలా చెప్పాక, వద్దనుకున్నారు. వ్యాధి పేరు ఒకసారి పడితే ఏదో ఒకటి చేయాలన్న ఒత్తిడి దానంతట అదే వస్తుంది. తెలుగునాట గ్యాస్ అన్న మాటకూ ఇదే శక్తి ఉంది. గ్యాస్ అనగానే గ్రైప్ వాటర్ సీసా బయటికి వస్తుంది. 1851లో ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో విలియం వుడ్‌వర్డ్ తయారుచేసిన ఈ పానీయపు తొలి రూపంలో సారాయి కూడా ఉండేది, బిడ్డ మత్తుగా నిద్రపోవడంలో దాని పాత్ర ఎంతో ఊహించుకోవచ్చు. వస కొమ్ము అరగదీసి నాకించే ఆచారం ఇంకా పోలేదు. వసలోని బీటా అసరోన్ కారణంగా అమెరికా 1968లోనే దానిని ఆహారంలో కలపడం నిషేధించింది. కాళ్ల మీద పడుకోబెట్టి, ఏడుస్తున్న నోట్లో ఆముదమో నెయ్యో పోయడం అన్నిటికన్నా ప్రమాదం. నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే వచ్చే నిమ్ము మామూలు మందులకు లొంగదు.

మందు కాకుండా చేయగలిగినది తక్కువేమీ కాదు. పాలు పట్టే పద్ధతి సరిచూడడం అందులో మొదటిది. సీసా పాలు తాగే బిడ్డకు మోతాదు ఎక్కువవుతోందేమో చూసి, అదే మొత్తాన్ని చిన్న చిన్న విడతలుగా ఇవ్వాలి. తల్లిపాలు తాగేవాడు రొమ్మును సరిగా పట్టుకుంటున్నాడో లేదో తెలిసినవారు పక్కన కూర్చుని గమనించాలి. మధ్యలో ఆపి భుజం మీద వేసుకుని తేన్పు తెప్పించడం, తాగాక అరగంట దాకా నిటారుగా ఎత్తుకోవడం, నలుగూ స్నానమూ పాలకు ముందే ముగించడం, పొట్ట మీద మొలతాడు గాని లంగోటీ గాని బిగించకపోవడం తేలికపాటి జాగ్రత్తలే. స్నానం తర్వాత వేసే సాంబ్రాణి పొగ, ఇంట్లో కాల్చే సిగరెట్టు పొగ బిడ్డ ఊపిరితిత్తులకు అదనపు భారం. పాలను చిక్కబరచడం కంటికి కనిపించే కక్కును తగ్గిస్తుంది, కాని తల్లిపాలలో బియ్యప్పిండి కలిపితే ఆ పాలలోని అమైలేజ్ అనే జీర్ణరసం పిండిని కరిగించి మళ్లీ పలచబరుస్తుంది కనుక ఆ శ్రమ వృథా. ఆరు నెలలు తల్లిపాలే ఇవ్వమన్న నియమానికీ అది విరుద్ధం. గ్జాంథన్ గమ్ కలిసిన చిక్కబరిచే పదార్థం వాడిన నెలలు నిండని బిడ్డలకు పేగులు కుళ్లడం గమనించి, అలాంటి బిడ్డలకు దానిని ఇవ్వవద్దని 2011లో అమెరికా హెచ్చరించింది. రిఫ్లక్స్ భయంతో తల్లిపాలు మాని డబ్బా పాలకు మారడం అన్నిటికన్నా అవివేకం, ఎందుకంటే తల్లిపాలే జఠరం నుంచి త్వరగా దిగిపోతాయి.

ఆవుపాల ప్రొటీను పడకపోవడం మాత్రం ప్రత్యేకంగా తలచుకోవలసిన విషయం. దాని లక్షణాలు రిఫ్లక్స్‌తో ఒకటే కావడం వల్ల, తీవ్రంగా బాధపడే బిడ్డకు ఆమ్లం మందు మొదలుపెట్టే ముందే రెండు నుంచి నాలుగు వారాలపాటు తల్లి తన ఆహారంలో పాలు, పెరుగు, మజ్జిగ, పాలు పోసిన కాఫీ టీలు మాని చూడాలని, డబ్బా పాల బిడ్డకైతే ప్రొటీను ముక్కలుగా విడగొట్టిన ప్రత్యేక పాలపొడి వాడి చూడాలని మార్గదర్శకాలు సూచిస్తాయి. తేడా కనిపిస్తే మళ్లీ మొదలుపెట్టి రుజువు చేసుకోవాలి, లేకపోతే మానేయడానికి అర్థం లేదు. ఇక్కడ తెలుగు ఇళ్లలో ఒక తలకిందుల వ్యవహారం కనిపిస్తుంది: బాలింతకు పథ్యం పేరుతో పప్పూ కూరా పండూ మాన్పించి, పాలు పడాలని గ్లాసుల కొద్దీ ఆవుపాలు తాగిస్తారు. మానవలసి వస్తే మానవలసినది ఒకే ఒక్కటి, దాన్నే పెంచుతారు, మానకూడనివన్నీ మాన్పిస్తారు. కక్కిన ప్రతిసారీ నువ్వేం తిన్నావని తల్లిని నిలదీయడం ఆ పథ్యంలో భాగం.

పడుకోబెట్టే తీరు మీద జరిగినంత పెద్ద పొరపాటు ఇంకెక్కడా జరగలేదు. బోర్లా పడుకుంటే రిఫ్లక్స్ తగ్గుతుందని కొలతలు చెప్పడంతో 1980లలో వైద్యులే బోర్లా పడుకోబెట్టమని సలహా ఇచ్చేవారు. తర్వాత బోర్లా పడకకూ నిద్రలో హఠాత్తుగా మరణించే శిశువుల సంఖ్యకూ సంబంధం బయటపడి, 1992లో అమెరికా శిశువైద్యుల సంఘం సలహా మార్చింది, 1994లో దేశవ్యాప్తంగా ప్రచారం మొదలైంది, ఆ మరణాలు సగానికి పైగా తగ్గాయి. వెల్లకిలా పడుకున్న బిడ్డ కక్కితే పొరబోతుందన్న భయం సహజమే కాని, ఆ భంగిమలో శ్వాసనాళం అన్నవాహికకు పైన ఉంటుంది కనుక ఎగదన్నిన పాలు కిందికే జారుతాయి. రిఫ్లక్స్ ఉన్నా వెల్లకిలాగానే, చదునైన పరుపు మీదే పడుకోబెట్టాలన్నది నేటి నిర్ణయం. తల వైపు ఎత్తు పెట్టడం, ఏటవాలు కుర్చీలో నిద్రపుచ్చడం మేలు చేయవు; కుర్చీలో కుదించుకుపోయిన బిడ్డ పొట్ట మీద ఒత్తిడి పెరిగి రిఫ్లక్స్ ఎక్కువైందని ఓరెన్‌స్టీన్ 1983లోనే చూపించింది. రిఫ్లక్స్ బిడ్డలకు హాయి అని అనేకులు కొనుక్కున్న రాక్ ఎన్ ప్లే అనే ఏటవాలు ఊయలలో 30కి పైగా మరణాలు నమోదయ్యాక 2019లో దాదాపు 47 లక్షల ఊయలలను వెనక్కి పిలిచారు. 2022లో అమెరికా పది డిగ్రీలకు మించి వాలిన పడకలను చట్టంతో నిషేధించింది. మన చీర ఊయల సంగతి కూడా ఈ వెలుగులో ఆలోచించుకోవాలి. అందులో పడుకున్న బిడ్డ గడ్డం ఛాతీకి ఆని, పొట్ట మడతపడి ఉంటుంది. మెలకువగా ఉన్నప్పుడు కళ్లెదుట కాసేపు ఊపడం వేరు, రాత్రంతా వదిలేయడం వేరు.

శస్త్రచికిత్స అతి కొద్దిమందికి. జఠరం పైభాగాన్ని అన్నవాహిక చుట్టూ చుట్టి కుట్టే పద్ధతిని జర్మన్ సర్జన్ రుడాల్ఫ్ నిస్సెన్ 1956లో ప్రచురించాడు. మందులకు లొంగక ప్రాణాపాయం ఉన్న బిడ్డలకే అది తగును.

తక్కిన వారందరికీ మిగిలేది కాలం. కాలం గడపడమే అన్నిటికన్నా కష్టం, ఎందుకంటే నాలుగైదు నెలలపాటు గంటన్నరకొకసారి లేచి, కక్కిన బట్టలు మార్చి, ఏడ్చే బిడ్డను నిటారుగా ఎత్తుకుని తిరిగే మనిషి ఒక్కరే అయితే ఆ మనిషి విరిగిపోతుంది. ప్రసవానంతర కుంగుబాటు ఇలాంటి ఇళ్లలో ముందు కనిపెట్టవలసిన వ్యాధి. ఇందులో తెలుగు సంప్రదాయం మేలూ చేస్తుంది, కీడూ చేస్తుంది. పుట్టింటి పురుడు వల్ల మొదటి నెలల్లో తల్లికి అమ్మ, పిన్ని, అక్క చేతులు ఆసరాగా దొరుకుతాయి. మూడో నెలలోనో ఐదో నెలలోనో అత్తవారింటికి సాగనంపుతారు. సరిగ్గా కక్కడం పతాక స్థాయిలో ఉన్న కాలం అది. అమెరికాలో ఉన్న తెలుగు దంపతులకు పర్యాటక వీసా మీద వచ్చిన అమ్మమ్మ సాధారణంగా ఆరు నెలలు నిండేలోపు తిరిగి విమానం ఎక్కాలి, ఆమె ప్రసవానికి ముందే వచ్చి ఉంటే మరీ ముందుగా. ప్రయాణం ముహూర్తాన్ని తిథి వారాలతోపాటు బిడ్డ ఎంతగా కక్కుతున్నాడో చూసి కూడా నిర్ణయించడం శాస్త్రవిరుద్ధమేమీ కాదు. ఏడుపు భరించలేని క్షణంలో బిడ్డను చదునైన పడక మీద వెల్లకిలా పడుకోబెట్టి, తలుపు బయట ఐదు నిమిషాలు నిలబడడం తప్పు కాదని ప్రతి తల్లికీ తండ్రికీ ముందే చెప్పి ఉంచాలి. కోపంలో బిడ్డను కుదిపితే మెదడులో రక్తస్రావమై కోలుకోలేని హాని జరుగుతుంది. రాత్రిలో ఒక వంతు కాపలా తండ్రిది కావాలి, తెల్లవారి ఆఫీసు ఉన్నా సరే. కక్కే బిడ్డను పరీక్షకు తెచ్చినప్పుడు శిశువైద్యులు బిడ్డ బరువు రాసే కాగితం మీదనే, తల్లి గడిచిన రాత్రి వరుసగా ఎన్ని గంటలు నిద్రపోయిందో కూడా అడిగి రాయాలి.